గంటా పది నిమిషాల దూరం

పది దాటి ఆరు నిమిషాలకు విమానం లేచింది. హెప్సిబా ఫోనులో అది గోరంత పసుపుపచ్చ బొమ్మ. బ్యాంకాక్ అన్న పేరు మీంచి కదిలి, పక్క దేశంలోని నోమ్‌పెన్ అన్న పేరు వైపు ముక్కు తిప్పుకుంది. లేచింది, లేచింది అని పత్తి సాలు మధ్యలో నిలబడి పెదవులు కదలకుండా అనుకుంది హెప్సిబా. ఇంకేం, గంటా పది నిమిషాలు. ఐదు వందల కిలోమీటర్ల పైచిలుకు. గద్వాల నుంచి హైదరాబాద్ పోయి, వచ్చి, మళ్లీ శంషాబాద్ దాకా పోయినంత. బస్సులో అయితే ఒక పగలంతా నడుములు విరగాల్సిన దూరం, తమ్ముడు ఒక సినిమా సగం చూసినంత సేపట్లో దాటేస్తాడు. పదకొండుంబావుకు దిగుతాడు. దిగినంక మెసేజ్ పెడ్త అన్నాడు. అది వచ్చేదాకా ఈ ఊపిరిని ఎక్కడో ఒకచోట దాచుకోవాలి. ఫోను నడుములో దోపుకుని, చేతిలోని మగ పువ్వును ఆడ మొగ్గ మీద రాసింది. నిన్న సాయంత్రం తనే గోటితో మగ కేసరాలు గిల్లి, ఎర్ర కాగితం తొడిగిన మొగ్గ. కాగితం తీయాలి, పుప్పొడి రాయాలి, ఇంకో మొగ్గకు పోవాలి. ఒక మగ పువ్వుకు నాలుగైదు మొగ్గలు. ఎండ నడినెత్తికి వచ్చేలోపు అయిపోవాలి. ఆ తర్వాత రాసినా ఒకటే, రాయకపోయినా ఒకటే, మొగ్గ రాలిపోతుంది. ఉదయ్ కిరణ్ చిన్నప్పుడు ఈ పనిలో తనకంటే చురుకు. అక్కా, నీ పువ్వులన్నీ బడికి పోని పిల్లల్లెక్క రాలిపోతయి చూడు అని ఎక్కిరించేవాడు. వాడిప్పుడు మబ్బుల్లో ఉన్నాడు. ఉన్నాడా? ఉన్నాడు. లేచింది కదా.

"ఏందే హెప్సమ్మా, నడుముల దోపుకుంటవు, తీస్తవు, దోపుకుంటవు. ఆ ఫోన్‌కేమన్న పాలిస్తున్నవా?" పక్క సాలులోంచి రేణుకమ్మ కేకేసింది. విత్తనాల కంపెనీకి పండించే ఈ సీడు పత్తి ఆమెదే, అరెకరం ఎక్కువ రెండెకరాలు. కూలీలతో సమానంగా ఆమే ఒక సాలు పడుతుంది, నోరు మాత్రం అన్ని సాళ్లలో ఉంటుంది.

"తమ్ముడు ఇమానమెక్కిండు అత్తా."

"ఎక్కితే ఎక్కిండు. నువ్వు చూడకపోతే కిందవడ్తదా? ఎనక మూడు ఎర్ర కాయితాలు ఇడిచిపెట్టి వొచ్చినవు, మర్లిపో."

మరలి పోయింది. నిజమే, మూడు మొగ్గలు. చేతులు పని మరిచిపోతున్నాయి. నిన్నటి నుంచి ఇంతే. నిన్న మధ్యాహ్నం సౌందర్య ఫోను చేయకపోతే బాగుండేది. కాలేజీలో మూడేళ్లు ఒకే బెంచీలో కూర్చున్న సౌందర్య, ఖిల్లా ఘణపూర్ పిల్ల, నవ్వకుండా రెండు మాటలు మాట్లాడలేనిది, నిన్న నవ్వలేదు. మీ తమ్ముడు బ్యాంకాక్ పోయిండంట గదనే, ఏ పనికి అని అడిగింది. కంప్యూటర్ల టైప్ చేసే పని, నోమ్‌పెన్‌ల కంపెనీ అని చెప్పింది హెప్సిబా. సౌందర్య వెంటనే వాళ్ల చిన్నాయన కొడుకు నాగేశ్ సంగతి ఎత్తుకుంది. అక్కడి నుంచే ఏడు నెలలకు తిరిగొచ్చాడట. పనని తీసుకుపోయి, చుట్టూ ముళ్లతీగల గోడ ఉన్న మేడలో కూర్చోబెట్టారట. పొద్దున ఎనిమిది నుంచి అర్ధరాత్రి దాటేదాకా, ఆడపిల్ల పేరు పెట్టుకుని ముక్కూ మొహం తెలియనివాళ్లతో ప్రేమగా ముచ్చట్లు టైపు చేసి, నమ్మించి, దోచాలి. ఆ రోజు ఎవరినీ మోసం చేయలేకపోతే అన్నం లేదు. ఇప్పుడు ఇంట్లో ఎవరి ఫోను మోగినా నాగేశ్ లేచి గోడకు వీపు ఆనించి నిలబడుతున్నాడట. "వానికి గూడ ఇమానం టికెట్ చూపిచ్చిండ్రే" అంది సౌందర్య. "చూపిచ్చి, వ్యాన్ల ఎక్కిచ్చుకొని సరిహద్దు దాటిచ్చిండ్రు. నాలుగు గంటలు. దాటినంక దేశం వేరే, అడిగేటోడు లేడు. మీవోడు నిజంగ ఇమానం ఎక్కితే ఏం భయం లేదు. వ్యాన్ల తీస్కపోతేనే భయం." ఆఖరున బ్యాంకాక్‌లోని మన రాయబార కార్యాలయం నంబరు పంపింది. ఉంచుకో అంది. హెప్సిబా దాన్ని ఏ పేరుతో దాచుకోవాలో తోచక, 'అక్కర పడొద్దు' అని రాసి దాచుకుంది.

రాత్రే తమ్ముడికి ఫోను చేసింది. వాడు పకపకా నవ్వాడు. నీకు భయమెక్కువ, నీ డిగ్రీ కంటే పెద్దది నీ భయం అన్నాడు. టికెట్టు పంపాడు. పేరు, తేదీ, విమానం నంబరు, పదకొండున్నరకు బయలుదేరుట. అక్కడి పదకొండున్నర అంటే ఇక్కడి పది. ఆ నంబరు కొట్టి చూసింది. ఆ విమానం ఉంది. రోజూ అదే వేళకు లేస్తుంది, అదే వేళకు దిగుతుంది. ఉంది కదా, ఇంకేం. ఉన్నది విమానం. ఆ ఆలోచన అప్పుడు రాలేదు, ఇప్పుడు ఎండలో నాలుగో మొగ్గ దగ్గర వచ్చింది. ఉన్నదని తను చూసింది విమానాన్ని. టికెట్టు ఉందా అని ఎక్కడ చూసింది? కాగితం మీద ఏ విమానం నంబరైనా ఎవరైనా రాసుకోవచ్చు. రేణుకమ్మత్త ఎర్ర కాగితం తొడిగితే రాయి కూడా దూరం నుంచి మొగ్గలాగే కనిపిస్తుంది. ఛీ, ఏం ఆలోచన ఇది. ప్రభువా, నా కాపరి నువ్వే... తర్వాతేం? నోటికొచ్చిన కీర్తనే, ఇప్పుడు రెండో మాట దొరకడం లేదు. ఫోను తీసింది. పది ఇరవై రెండు. పసుపు బొమ్మ కొంచెం జరిగింది.

అసలు తప్పు తనది. ఇంట్లో చదువుకున్నది తనేగా. వనపర్తిలో ఈ పని ఇప్పించిన కంప్యూటర్ సెంటర్‌కు తమ్ముడి వెంట పోయింది తనే. సెంటర్ నడిపే బాలకృష్ణ సార్ మంచినీళ్లిచ్చి, కుర్చీ వేసి, మీరు డిగ్రీ అమ్మా, మీకు చెప్పాల్సిన పనిలేదు, అన్నీ మీరే చూసుకోండి అన్నాడు. ఆ ఒక్క మాటకు తను పొంగిపోయింది. పుట్టినప్పటి నుంచి ఎవరు చూసుకొమ్మన్నారు తనను? అందుకే చూసింది. పటంలో బ్యాంకాక్ చూసింది, నోమ్‌పెన్ చూసింది, మధ్య దూరం చూసింది, ఎన్ని గంటలో చూసింది, ఇంటికొచ్చి అమ్మకు కూడా చెప్పింది: దగ్గరే అమ్మా, ఇమానంల గంటా పది నిమిషాలే. ఏదో పరీక్షకు చదివినట్టు దూరాలన్నీ చదివింది. పని ఏమిటో చూడలేదు. ఏ కంపెనీ, ఏ వీధి, ఎవరి కింద అని అడగలేదు. నాయన బతికుంటే మొదట అదే అడిగేవాడు. మేస్త్రీ ఎవరు? ఏ ఊరు? వాని ఇల్లు ఎక్కడ? నాయనకు సంతకం రాదు, కానీ ఈ మూడూ అడగకుండా ఏ లారీ ఎక్కలేదు. ఒక్కసారి తప్ప.

ఆ ఒక్కసారి. అప్పుడు తనకు ఆరేళ్లు, ఉదయ్‌కు మూడు. అమ్మానాయనలు కాలువ తవ్వే పనికి పుణె అవతలికి పోయారు. తమ్ముణ్ణీ తననూ అవ్వ దగ్గర ఉంచారు. లారీ వచ్చిన ప్రతిసారీ అవ్వ పొయ్యిలోంచి బొగ్గు తెచ్చి, లారీ వెనక్కి పోయి నిలబడి, నంబరు చూసుకుంటూ వచ్చి సున్నపు గోడ మీద వేసేది. పాలమూరు వలస ఇళ్లలో అందరి గోడలూ అట్లాగే ఉండేవి. మనుషులు పోయిన నంబర్లు ఒక వరుస, తిరిగొస్తే వాటి మీద అడ్డగీత. ఆ యేడు మేస్త్రీ కూలీల ముఠాను నడుమ దారిలో ఇంకో మేస్త్రీకి అప్పజెప్పాడు. అప్పజెప్పాడంటే అమ్మేశాడు. నాలుగు నెలలు ఏ కబురూ లేదు. గోడ మీది నంబరు పట్టుకుని అవ్వ తమ్ముడు లారీ ఓనరును దొరకబట్టి, లారీ ఓనరు డ్రైవరును చూపితే, డ్రైవరు దింపిన చోటు చూపితే, అట్లా అట్లా గుడారాల దాకా పోయాడు. అమ్మానాయనలు తిరిగొచ్చినప్పుడు తను అమ్మను గుర్తుపట్టలేదు. జుట్టంతా మట్టి రంగు. అమ్మ ఇంట్లోకి రాకముందే గోడ దగ్గరికి పోయి, ఆ నంబరు మీద అడ్డగీత గీసి, అప్పుడు ఏడ్చింది.

ఆ గోడను తనే మూసేసింది. డిగ్రీ పాసైన యేడు, గద్వాల నుంచి నీలం రంగు డబ్బా తెచ్చి, నంబర్లన్నిటి మీదా తనే రెండు పూతలు పూసింది. ఇంకెవ్వరం లారీ ఎక్కం అమ్మా అంది. అమ్మ నవ్వి ఊరుకుంది. మరి ఈ పొద్దున ఏం చేసింది? ఎనిమిది దాటి పది నిమిషాలకు వీడియో కాల్‌లో తమ్ముడు, తెల్ల వ్యాను ముందు నిలబడి, ఎయిర్‌పోర్టుకు పోతున్నమక్కా, బండి వొచ్చింది అన్నాడు. సౌందర్య మాట గుర్తొచ్చింది. వ్యాను. కానీ ఎయిర్‌పోర్టుకు ఎట్లా పోతారు మరి, నడిచి పోతారా? సర్ది చెప్పుకుంది. అమ్మ ఫోను లాక్కుంది.

"నాయనా, ఆ బండి నంబరు చూపి."

"అమ్మా, అది ఎయిర్‌పోర్టు దాంకనేనే. ఆడ ఇమానమెక్కుత."

"అయితే ఏంది? ఎక్కిన బండి ఎక్కినట్టే. నంబరు చూపి."

వాడు నవ్వుకుంటూ నంబరు పలక ఫోటో తీసి పంపాడు. అమ్మ బొగ్గు తెచ్చింది. హెప్సిబాకు ఒళ్లు మండింది. "అవి వాళ్ల దేశం అచ్చరాలమ్మా, నాకే చదవరావు, నీకేడొస్తయి?" అంది. తల్లి విజయమ్మ ఫోనును గోడకు ఆనించి, ఒక్కో గీతా చూస్తూ, ముగ్గు పెట్టినట్టు పెట్టింది. "నాకు ఏ అచ్చరాలైనా ఒక్కటే బిడ్డా" అంది. కుండ మీద తోక మొలిచినట్టు ఒకటి. రెండు ముళ్లు వేసిన తాడు లాంటిది ఒకటి. ఆ పక్కన నాలుగంకెలు. నీలం గోడ మీద, రెండు వేల రూపాయల రంగు మీద బొగ్గు గీతలు. అమ్మ చద్ది మూటకట్టడానికి లోపలికి పోగానే తను తడిగుడ్డ తెచ్చింది. చేయి ఒక ఊపు ఊపిందో లేదో, కూలీల ఆటో హారన్ కొట్టింది.

నడుములో ఫోను గుర్రుమంది. పది ముప్పై ఎనిమిది. ఉదయ్ పేరు. వేళ్లకంటిన పుప్పొడి తెరకు అంటుకుని సరిగా తెరుచుకోలేదు, కొంగుతో తుడిచి చూసింది. 'చేరినం. అంతా మంచిగుంది. పరేషాన్ కావద్దు.'

"అమ్మా, చేరిండంట!" ఆ కేక తనదే. నోరు మనసు కంటే ముందు పరుగెత్తింది. విజయమ్మ రెండు సాళ్ల అవతల నిటారుగా లేచి, రెండు చేతులూ పైకెత్తి, స్తోత్రం స్తోత్రం అంది. రేణుకమ్మ, "సాయంత్రం అందరికి చాయ్ నీదేనే విజయమ్మా, కొడుకు ఫారిన్ల దిగిండు" అంది. ఎవరో నవ్వారు. హెప్సిబా కూడా నవ్వింది. నవ్వుతూనే, ఎక్కడ దిగిందో చూద్దామని, పసుపు బొమ్మను తెరిచింది.

బొమ్మ దారిలో ఉంది. సగం కూడా దాటలేదు. కింద రాసి ఉంది: ఆకాశంలో ఇంత ఎత్తున, దిగడానికి ఇంకా ముప్పై ఆరు నిమిషాలు.

ఫోను పాతది, ఆలస్యంగా చూపిస్తుందేమో. మూసి తెరిచింది. ముప్పై ఐదు. లెక్క తప్పిందేమో, వాళ్ల గడియారం మనకంటే గంటన్నర ముందు, గంటన్నర కలపాలా తీయాలా, పదిన్నరకు గంటన్నర కలిపితే పన్నెండు, పన్నెండు దాటింది వాళ్ల గంట, విమానం లేచింది వాళ్ల పదకొండున్నర, దిగేది పన్నెండూ ముప్పావు. ఎట్లా కూడినా, ఎట్లా తీసినా, ఐదు వందల కిలోమీటర్లు ముప్పై నిమిషాల్లో ఏ విమానమూ పోదు. మబ్బులో ఉన్న మనిషి చేరినం అని ఎట్లా రాస్తాడు? విమానం మబ్బులోనే ఉంది. వాడు దాంట్లో లేడు. అది రాసింది వాడు కాదు. ఎవరో వాని ఫోను పట్టుకుని, ఇంటివాళ్లు తొందరపడకుండా, ఓ అరగంట ముందే నోరు మూయించారు. తెలుగు రానివాళ్లు తెలుగులో ఎట్లా రాశారు? వనపర్తిలో కూర్చున్నవాడు చెప్పి ఉంటాడు. మంచినీళ్లిచ్చి, మీరు డిగ్రీ అమ్మా అన్నవాడు. వేలు తమ్ముడి పేరు వెతుక్కుంది. ఫోను చేసింది. మోగింది, మోగింది, ఎవరో లైను కోసేశారు. మళ్లీ చేసింది. కోశారు. మెసేజ్ వచ్చింది: 'లైన్ల ఉన్న. తర్వాత చేస్త.' ఆమె చూస్తుండగానే పైన, పొద్దుటి ఎనిమిది గంటల దగ్గర, నంబరు పలక ఫోటో ఉన్న చోట ఏదో కదిలింది. ఫోటో పోయింది. ఈ సందేశం తొలగించబడింది అన్న బూడిదరంగు వరుస మిగిలింది.

ఎనిమిది పదికి వ్యాను కదిలింది. నాలుగు గంటలు అంది సౌందర్య. ఎనిమిది పదికి నాలుగు కలిపితే పన్నెండు పది. ఇప్పుడు పది నలభై మూడు. ఇంకా సరిహద్దు దాటలేదు. గంటన్నర కూడా లేదు కానీ, ఇంకా దాటలేదు. వ్యానులో వాడు కిటికీ పక్కన కూర్చున్నాడా, ఇది ఎయిర్‌పోర్టు దారి కాదని ఎప్పుడు తెలుసుకున్నాడు, ఫోను ఎప్పుడు గుంజుకున్నారు, అప్పుడు అక్కా అన్నాడా? వద్దు. అది తర్వాత. గోడ. గోడ మీద ఉంది. తడిగుడ్డ. ఎంత తుడిచింది? ఒక ఊపా, రెండా? చేయి ఏ వైపు నుంచి పోయింది, అంకెల వైపు నుంచా, అక్షరాల వైపు నుంచా? ఆ చేయి తనదే, ఇదిగో పుప్పొడితో పచ్చగా ఉన్న ఈ చేయే, దీనికే గుర్తులేదు.

"ఏమైందే?" రేణుకమ్మ దగ్గరికి వచ్చి మొహం చూసింది. "చేరిండంటివి గద."

"చేరలే అత్తా. వాని ఫోన్ల ఇంకెవరో రాసిండ్రు. నన్ను ఇంటికి తోల్కపో అత్తా, జల్ది, దండం పెడ్త."

రేణుకమ్మ ఇంకో మాట అడగలేదు. ఎంత నోరు గల మనిషో అంత త్వరగా మూసుకుంది. చేతిలో పూల గంప అక్కడే సాలులో పెట్టి, గట్టు మీది స్కూటీ తీసింది. విజయమ్మ వెనక నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి, ఏమిటని అడగకుండానే ఎక్కింది. ఆమెకు చెప్పక్కర లేకపోయింది. కూతురి మొహం మీది ఈ భయాన్ని ఆమె ఇదివరకు ముసలి అవ్వ మొహం మీద చూసింది. ముగ్గురు ఆడవాళ్లు, అయిజ రోడ్డు, గతుకులు, ఎదురుగాలిలో హెప్సిబా కళ్లు మూసుకుని గోడను చూడాలని చూసింది. నీలం రంగే కనిపించింది. తను పూసిన రెండు పూతల నీలం. వెనక రాలిపోనున్న మొగ్గలు, ఎర్ర కాగితాలు, ఎండ. గంటా ఇరవై. గంటా పద్దెనిమిది. అక్కడ రోడ్డు బాగుంటుందేమో. బాగుండకూడదు. ప్రభువా, గుంతలు పెట్టు, అడ్డంగా ఎడ్లబండి పెట్టు, టైరు పంచరు చెయ్యి.

గోడ మీద నాలుగంకెలూ ఉన్నాయి. రెండు ముళ్ల తాడూ ఉంది. మొదటి అక్షరం నెత్తి మీద ఒక అడ్డచార, ఎండిన తడి, పలచటి మసి. కింద కుండ మిగిలింది. కుండ మీద ఏముందో పోయింది.

"నేనే తుడిచిన" అంది హెప్సిబా. "అమ్మా, నేనే తుడిచిన. ఇక్కడేముండెనో నాకు తెల్వదు."

విజయమ్మ కూతురి వైపు చూడలేదు. పొయ్యి దగ్గరికి పోయి బొగ్గు తెచ్చింది. గోడకు దగ్గరగా నిలబడి, కళ్లు చిట్లించి, గాలిలో ఒకసారి వేలు తిప్పి చూసుకుంది. "మీద తోక ఉండె" అంది. "కుడిదిక్కు మర్లి, కొసకు జర పైకి లేసి. తేలు కొండి లెక్క." గీసింది. వెనక్కి జరిగి చూసింది. "ఇదే. ఇట్లనే ఉండె. నా కొడుకు ఎక్కిన బండి, నేను మర్సిపోతనా?"

హెప్సిబా గోడను ఫోటో తీసింది. ఒకటి, రెండు, మూడు. పది యాభై ఆరు. 'అక్కర పడొద్దు' అన్న పేరు దగ్గర వేలు ఆపకుండా నొక్కింది. మోగింది. చాలాసేపు మోగింది. రేణుకమ్మ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. అమ్మ బొగ్గును పిడికిట్లోంచి వదల్లేదు. అటువైపు ఒక గొంతు హిందీలో ఎవరని అడిగింది. హెప్సిబా తన పేరు చెప్పింది, ఊరు చెప్పింది, తమ్ముడి పేరు చెప్పింది, వ్యాను, ఎనిమిది పది, సరిహద్దు, గంటా పదిహేను నిమిషాలు మిగిలాయని చెప్పింది. పుస్తకాల హిందీ ఒక్క ముక్క రాలేదు. పుణెలో నాయన నేర్చి, ఇంట్లో నవ్వులాటకు మాట్లాడిన హిందీ వచ్చింది. అవతలి మనిషి ఆగమన్నాడు. కాగితం చప్పుడు వినిపించింది. ఎక్కడున్నారో తెలుసుకోవడానికి మీ దగ్గర ఏమైనా ఉందా, ఏదైనా ఆధారం, అని అడిగాడు.

హెప్సిబా గోడ మీద చేయి వేసింది. అరచేతి కింద బొగ్గు గరుకుగా తగిలింది.

"హై సార్" అంది. "గాడీ కా నంబర్ హై."